ఓడ దిగే పొద్దున: ఇమిగ్రేషన్, కస్టమ్స్ దగ్గర ఇరుక్కోకుండా ఉండాలంటే

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి క్రూయిజ్‌కి వెళ్తున్నవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. విశాఖలో నేరుగా సింగపూర్ విమానం ఎక్కి, అక్కడ రెండు మూడు రాత్రుల ఓడ ప్యాకేజీ తీసుకునే కుటుంబాలు ఒక రకం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లతో కలిసి మయామీలోనో సియాటిల్‌లోనో ఓడ ఎక్కే అమ్మానాన్నలు రెండో రకం. ఎక్కేటప్పుడు ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కులన్నీ దిగే రోజునే. పొద్దున్నే లేచి, సంచులు పట్టుకుని, గంటల తరబడి మెట్ల దగ్గర నిలబడి, చివరికి కౌంటర్‌లో "ఇంకో కాగితం ఏది?" అనిపించుకోవడం. ఆ ఆలస్యంలో కొంత మన చేతిలో లేదు. చేతిలో ఉన్నదంతా టికెట్టు కొన్న రోజునే మొదలవుతుంది.

విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య తిరిగే ఓడకైతే ఈ బెడద దాదాపు లేదు. దేశం దాటరు కాబట్టి గుర్తింపు కార్డు, సెక్యూరిటీ తనిఖీతో పని అయిపోతుంది. కింద రాసిందంతా పరాయి దేశపు రేవులో దిగేవాళ్ల కోసం.

ఓడ రేవుకి ఆనగానే ఎందుకు దింపరు

ఓడ తెల్లవారుజామునే రేవులో కట్టేసినా, అధికారులు క్లియరెన్స్ ఇచ్చేదాకా ఒక్క మనిషిని కూడా గ్యాంగ్‌వే, అంటే ఓడ దిగే వంతెన, దాటనివ్వరు. ముందు ఆరోగ్య శాఖ వాళ్ల అనుమతి రావాలి. ఓడలో వాంతులు, విరేచనాల కేసులు ఎక్కువగా ఉంటే అక్కడే మొదటి గంట పోతుంది. తర్వాత ప్రయాణికుల జాబితా, అంటే మ్యానిఫెస్ట్, సరిచూస్తారు. ఈలోపు రాత్రి బయట పెట్టిన వేల పెట్టెలు ఇనుప బోనుల్లో కిందికి దిగి, టెర్మినల్ హాల్లో రంగుల వారీగా వరసలు కావాలి. ఆ పెట్టెలు సర్దకుండా మనుషుల్ని దింపితే హాలు కిక్కిరిసిపోతుంది కాబట్టే గుంపులుగా పిలుస్తారు.

పొగమంచు, ఓడకి రేవు దారి చూపే పైలట్ పడవ ఆలస్యం, రాత్రి ఎవరికో గుండెనొప్పి వచ్చి దారి మార్చుకోవడం, పక్క బెర్త్‌లో ఇంకో పెద్ద ఓడ అదే గంటకి రావడం లాంటివి ఎవరూ ఆపలేరు. ఎక్కువ చిరాకు తెప్పించేది మాత్రం వేరే ఉంది. ఓడలోనే పాస్‌పోర్టు తనిఖీకి రమ్మని పిలిచినప్పుడు నలుగురైదుగురు నిద్రపోతూనో టిఫిన్ చేస్తూనో ఉండిపోతారు. వాళ్లు వచ్చేదాకా మొత్తం ఓడ ఆగుతుంది. మైకులో మీ కేబిన్ నంబరు వినబడితే ఇడ్లీ ఉన్నా, ఆమ్లెట్ ఉన్నా ప్లేటు వదిలి వెళ్లండి.

పేరు: మనవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ

మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు తీరు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది. పాత పాస్‌పోర్టుల్లో చాలామందికి ఆ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. ఆడవాళ్లలో కొందరికి పుట్టింటి ఇంటిపేరు, కొందరికి అత్తింటిది. ఏజెంటు క్రూయిజ్ ఫారం నింపేటప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీ వదలనివ్వదు. దాంతో పేరులో ఆఖరి ముక్కని, అంటే "రావు"నో "అమ్మ"నో, అక్కడ పెట్టేస్తాడు. ఓడ జాబితాలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు అవుతాయి. రేవులో మెషీన్‌కి రెండూ కలవవు, మనిషి చేత్తో సరిచూడాలి. పక్కకి తీసి నిలబెట్టేది ఇందుకే.

పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసల అక్షరాలు ఉంటాయి చూడండి. మెషీన్ చదివేది ఆ వరసల్నే. పై వరసలో మొదట "పీ" అక్షరం, తర్వాత "ఐఎన్‌డీ", ఆ వెంటనే ఇంటిపేరు, రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత పేరు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులో ఐఎన్‌డీ తర్వాత పేరంతా ఒకే ముక్కగా నడిచి, ఆ తర్వాతంతా బాణాలే ఉంటాయి. బుకింగ్‌లో పేరు ఈ వరస ప్రకారమే ఉండాలి. అమెరికా వీసాలో ఇలాంటివాళ్లకి గివెన్ నేమ్ దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని వేస్తారు. అది అచ్చుతప్పు కాదు, పేరు ఒకే గడిలో ఉందని తెలిపే గుర్తు. క్రూయిజ్ బుకింగ్‌లో దాన్ని ఎలా రాయాలో కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగి, వాళ్లు చెప్పింది మెయిల్‌లో తెప్పించుకోండి. దిద్దుబాటు టికెట్టు కొన్న వారంలో అయితే తేలిక, ఎక్కే రోజు అయితే తలనొప్పి.

బుక్ చేశాక పాస్‌పోర్టు రెన్యువల్ అయిందా? జాబితాలో పాత నంబరే ఉండిపోతుంది, అది మార్పించాలి. అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ చేతిలో ఉండాలి. పాతదాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి వస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టు, ఉన్నవాళ్లు మన జిల్లాల్లో ఎక్కువే. మలేసియా ఆ జాబితాలోని దేశమే అయినా, చూడటానికి వెళ్లేవాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. ఉద్యోగానికి వెళ్తున్నారేమో అన్న అనుమానంతో విశాఖలో ప్రశ్నలు పడొచ్చు కాబట్టి రానూపోనూ విమానం టికెట్టు, ఓడ బుకింగ్ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

సింగపూర్ ఓడ

సింగపూర్‌లో ఎక్కి, పెనాంగో పోర్ట్ క్లాంగో ఫుకెటో చూసి తిరిగి సింగపూర్‌లోనే దిగుతారు. అంటే సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెడుతున్నట్టు లెక్క. ఒకసారి విమానంలో, ఒకసారి ఓడలో. వీసా కాగితంలో ఎంట్రీల దగ్గర మల్టిపుల్ అని ఉందో లేదో, ఓడ దిగే తేదీ దాటి గడువు ఉందో లేదో రెండూ చూడండి. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లని 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. అది గడువు పొడిగిస్తూ వస్తున్న సడలింపు. కాబట్టి బుక్ చేసే నాటికి ఉందో లేదో కనుక్కుని, మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు సంగతి కూడా ఓడ కంపెనీని అడగండి.

ఎక్కువమంది మరిచిపోయేది ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్‌లోకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం. విమానం దిగేటప్పుడు నింపింది ఓడ దిగేటప్పుడు పనికిరాదు, మళ్లీ కొత్తది నింపాలి. అదీ దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే. ఇక్కడో లెక్క ఉంది. శుక్రవారం ఎక్కి ఆదివారం దిగే రెండు రాత్రుల ఓడ అయితే శుక్రవారం పొద్దున హోటల్ వైఫైలోనే నింపేయొచ్చు. శుక్రవారం ఎక్కి సోమవారం దిగే మూడు రాత్రుల ఓడ అయితే నింపడానికి వీలయ్యేది శనివారం నుంచే. అప్పటికి మీరు సముద్రం మీద ఉంటారు. ఓడలో ఇంటర్నెట్‌కి విడిగా డబ్బు కట్టాలి, మామూలు రోమింగ్ సిగ్నల్ నడిసముద్రంలో అందదు. అందుకే మలేసియాలో కూడా పనిచేసే సిమ్ ఒకటి ఇంట్లో ఒక్కరి దగ్గరైనా ఉండాలి. పెనాంగ్‌లో దిగినప్పుడు టీ తాగుతూ అందరి కార్డులూ నింపేయండి. పాస్‌పోర్టుల ఫొటోలు ఫోన్‌లో ముందే ఉంటే పదిహేను నిమిషాల పని. కార్డు ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అసలుది కాదు.

కార్డులో ఈమెయిల్ మీది గానీ మీ పిల్లలది గానీ పెట్టండి, ఏజెంటుది కాదు. సింగపూర్ వాళ్లు పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం మానేశారు. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ ఆ మెయిల్‌కే వస్తుంది. ఏజెంటు మెయిల్‌లో పడితే అది మీ చేతికి వచ్చేసరికి మీరు ఇంటికి చేరిపోతారు.

కొన్ని ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని తమ దగ్గరే ఉంచుకుంటారు. రశీదు ఇస్తారు, దాన్ని ఫొటో తీసి దాచండి. తిరిగి ఇచ్చే చోటు, టైము ఆఖరి రోజు కాగితంలో రాసి ఉంటాయి. ఆ సాయంత్రమే తెచ్చుకుని, కౌంటర్ దగ్గరే పేజీ తెరిచి ఫొటో చూసుకోండి. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడు ఒకరిది ఒకరికి రావడం తేలిగ్గా జరుగుతుంది.

సంచిలో ఏముంది

సింగపూర్ కస్టమ్స్ పట్టింపు మనకి అలవాటైనదానికంటే చాలా గట్టిది. పొగాకుకి మినహాయింపు అసలు లేదు, ఒక్క సిగరెట్టుకైనా సుంకమే. మన పల్లెల్లో పెద్దవాళ్లకి చుట్ట అలవాటు ఉంటుంది, బొడ్లో కట్ట పెట్టుకుని వచ్చేస్తారు. వాళ్లకి ముందే నచ్చజెప్పి ఇంటి దగ్గరే వదిలించండి. ఖైనీ, గుట్కా, నమిలే పొగాకు ఏదైనా నిషేధం. ఈ-సిగరెట్టు, చూయింగ్ గమ్ కూడా. వంటింటి వస్తువుల్లో ఎవరూ ఊహించనిది గసగసాలు. అక్కడ దాన్ని మాదకద్రవ్యాల లెక్కలో చూస్తారు. మసాలా పొడిలో కలిపి ఉన్నా తీసుకెళ్లకండి. చికెన్, మటన్ పచ్చళ్లు కూడా వద్దు. ఆవకాయ, పలాస జీడిపప్పు లాంటివి గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లలో పెట్టండి.

మందు విషయంలో మనవాళ్లు మోసపోతారు. సింగపూర్ బయట 48 గంటలకి తక్కువ ఉన్నా, మలేసియా నుంచి వస్తున్నా మద్యానికి సుంకం మినహాయింపు రాదు. ఓడ దుకాణంలో "డ్యూటీ ఫ్రీ" అని అమ్మిన సీసాకి దిగేటప్పుడు సుంకం పడుతుంది. కొన్నది ఉంటే ఎర్ర చానెల్‌కి, అంటే సుంకం పడే వస్తువులున్నవాళ్ల వరసకి, వెళ్లి చెప్పండి. చెప్పి సుంకం కట్టడం పది నిమిషాల పని. పట్టుబడితే జరిమానా, దాంతోపాటు విమానం పోయే ప్రమాదం.

మందుబిళ్లల్లో నిద్రకి వాడేవి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ ఉంటే సింగపూర్‌కి ముందే అనుమతి తీసుకోవాల్సి రావచ్చు. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో, దుకాణం స్ట్రిప్పుల్లోనే ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాలో కలిపి పోసిన మాత్రల్ని చూసి ఏ అధికారికైనా అనుమానం వస్తుంది.

అమెరికాలో అయితే గొడవ తిండి చుట్టూనే. ఇండియా నుంచి వచ్చినప్పుడు విమానాశ్రయంలో అధికారులు చూసి వదిలేసిన వస్తువే ఓడ దిగేటప్పుడు మళ్లీ తనిఖీకి వస్తుంది. అప్పుడు వదిలేశారు కదా అని ధీమా పడకండి. కరివేపాకు, తాజా పండ్లు, గింజలు, మాంసం పచ్చళ్లు కుదరవు. ఎక్కువమంది దొరికిపోయేది ఓడ బఫేలో తీసుకున్న అరటిపండుతోనో ఆపిల్‌తోనో. మనవడు తింటాడని నాయనమ్మ చేతిసంచిలో వేసుకుంటుంది, హాల్లో బీగిల్ కుక్క వచ్చి ఆ సంచి పక్కన కూర్చుంటుంది. ఇక మొత్తం కుటుంబం పక్క గదికి. తిండి సరుకు చెప్పకుండా తెస్తే జరిమానా 10,000 డాలర్ల వరకు వేసే అధికారం వాళ్లకుంది. అనుమానంగా ఉన్న వస్తువుని "ఉంది" అని చెప్పేస్తే, వద్దనుకుంటే వాళ్లే పారేస్తారు, జరిమానా ఉండదు. కొన్న వస్తువులకి మామూలుగా మనిషికి 800 డాలర్ల మినహాయింపు అంటారు. అది అమెరికాలో ఉండేవాళ్లకి. అక్కడికి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నల లెక్క వేరు, వాళ్ల పేరు మీద పెద్ద కొనుగోళ్లు పెట్టకండి.

అమెరికా ఓడ: వీసా లెక్కలు

మయామీ నుంచి కరీబియన్, సియాటిల్ నుంచి అలాస్కా. రెండోది కెనడాలోని విక్టోరియా దగ్గర ఆగుతుంది కాబట్టి భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. అది లేకపోతే ఎక్కే రోజే తిప్పి పంపుతారు.

అమ్మానాన్నల బీ-2 (విజిటర్) వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి, గడువు ఉండాలి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఓడలో బహామాస్ వెళ్లి వస్తే మళ్లీ ఆరు నెలలు కొత్తగా ఇస్తారని. 30 రోజుల లోపు కెనడా, మెక్సికో, దగ్గరి దీవులకి వెళ్లి వచ్చినవాళ్లకి సాధారణంగా పాత ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్ల వరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీనే కొనసాగుతుంది. ఓడ దిగాక కస్టమ్స్ శాఖ ఐ-94 వెబ్‌సైటులో తేదీ చూసుకోండి. ఆ తేదీకి దగ్గరగా క్రూయిజ్ పెట్టుకోవద్దు.

పిల్లల పరిస్థితి ఇంకా జాగ్రత్తగా చూడాలి. హెచ్-1బీ మీద ఉన్న అబ్బాయికి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి, ఐ-797 (హెచ్-1బీ మంజూరు కాగితం) మాత్రం బాగుంటే, కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లి 30 రోజుల లోపు తిరిగి రావచ్చు. బహామాస్, జమైకా లాంటి దీవులు ఆ సడలింపులోకి రావు. దీవుల సడలింపు ఎఫ్, జే వీసాల విద్యార్థులకే, అదీ క్యూబా మినహాయించి. ఓడ దారిలో ఒక్క దీవి ఉన్నా హెచ్-1బీ వాళ్లు ముద్ర ఉంటేనే ఎక్కాలి. విద్యార్థులైతే ఐ-20 (కాలేజీ ఇచ్చే అర్హత కాగితం) మీద కాలేజీ వాళ్ల ట్రావెల్ సంతకం చూసుకోవాలి. ఈ కాగితాలు అసలువే కావాలి, ఫోన్‌లో ఫొటోలు కాదు.

ఆఖరి రాత్రి, దిగే పొద్దున

పెట్టెలకి కట్టే రంగు ట్యాగులు కేబిన్‌కి వస్తాయి. రాత్రి పది పదకొండు లోపు పెట్టెలు గుమ్మం బయట పెట్టాలి. ఆ తర్వాత పొద్దున హాల్లోనే కనబడతాయి. కాబట్టి పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు, బంగారం, ఛార్జరు, పొద్దున కట్టుకునే బట్టలు, చెప్పులు చేతిసంచిలో ఉండాలి. బట్టలన్నీ పెట్టెలో పెట్టేసి రాత్రి లుంగీతోనే మిగిలిపోయేవాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. ట్యాగు చీలిక ముక్కని ఫొటో తీయండి. నల్ల పెట్టెలు వందల్లో ఉంటాయి, పిడికి ఎర్ర గుడ్డ ముక్క కట్టండి.

ఆ రాత్రే ఖాతా బిల్లు చూసుకోండి. కార్డు చెల్లకపోతే గ్యాంగ్‌వే దగ్గర మీ ఓడ కార్డు స్కాన్ చేయగానే గంట మోగి ఆపేస్తారు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీ ఆపేసి ఉండటం తరచుగా జరిగేదే, బయలుదేరే ముందే ఆన్ చేయించుకోండి.

సొంతంగా సామాను మోసుకుని ముందే దిగిపోయే పద్ధతి కూడా ఉంటుంది. అందరికంటే ముందు బయటపడతారు. కానీ లిఫ్టులు కిటకిటలాడతాయి, మెట్ల మీద పెట్టె ఎత్తాలి. అరవై దాటినవాళ్లున్న కుటుంబానికి అది వద్దు. వాళ్లతో వెళ్తుంటే మధ్య గుంపులో ట్యాగు అడగండి. ఆఖరి గుంపులో క్యూ తక్కువగా ఉంటుంది గానీ విమానానికి కంగారు. వీల్‌చైర్ కావాలంటే రెండు రోజుల ముందే చెప్పి పేరు రాయించాలి. తోసే మనుషులు కొద్దిమందే, దిగే పొద్దున అడిగితే గంటన్నర కూర్చోవాల్సి వస్తుంది.

విమానం సంగతి: అమెరికాలో ఓడ దిగే రోజు మధ్యాహ్నం పన్నెండుకి ముందు విమానం పెట్టుకోవద్దు. సింగపూర్‌లో ఓడ కట్టే టైముకి కనీసం ఆరు గంటల తర్వాతి విమానం చూడండి. సాయంత్రం కట్టే ఓడ అయితే ఆ రాత్రి అక్కడే బస చేయడం మేలు. విశాఖకి రోజుకి పది విమానాలు లేవు, ఒకటి పోతే చెన్నై చుట్టూ తిరిగి రావాలి.

కౌంటర్ దగ్గర కుటుంబమంతా కలిసి వెళ్లొచ్చా అని అడగండి, చాలాచోట్ల రానిస్తారు. అడిగినదానికే జవాబు చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగు అని చెప్పి దుబాసీని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అర్థం కాని ప్రశ్నకి "ఎస్" అనేయడమే అసలు ప్రమాదం. పక్క గదికి పంపితే భయపడకండి, ఎక్కువసార్లు పేరు సరిచూడటానికే. ఆ హాల్లో ఫోన్ తీయకండి, ఫొటో అసలు తీయకండి. హాల్లో పెట్టె కనబడకపోతే బయటికి వెళ్లకముందే అక్కడి కౌంటర్‌లో ఫారం నింపండి.

విశాఖలో

టికెట్టులో విశాఖ విమానాశ్రయం ఉందో, భోగాపురం ఉందో చూసుకున్నాకే కారు మాట్లాడండి.

ఇక్కడ కస్టమ్స్‌లో మనవాళ్ల చిక్కు బంగారం. నగలకి ఉండే సుంకం మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే. ఆడవాళ్లకి 40 గ్రాములు, మగవాళ్లకి 20. ఐదు రోజుల ఓడ ప్రయాణానికి వెళ్లినవాళ్లకి అది వర్తించదు, ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండొచ్చిన అమ్మకీ వర్తించదు. సింగపూర్‌లో కొన్న గొలుసు ఎర్ర చానెల్‌లో చూపించాల్సిందే. మద్యం మనిషికి 2 లీటర్లు, సిగరెట్లు 100 దాకా మినహాయింపు. ఈ-సిగరెట్టు మన దేశంలోనూ నిషేధమే.

ఇంటి నుంచి పెట్టుకెళ్లిన సొంత నగలకి, వెళ్లే రోజే విశాఖ కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. షాపు బిల్లు, తూకం చీటీ, నగ ఫొటో తీసుకెళ్లాలి. కాసుల పేరు, నాలుగు పేటల గొలుసు లాంటి బరువైనవి ఉంటే మామూలు కంటే గంట ముందు విమానాశ్రయానికి చేరండి. మంగళసూత్రం, చెవిదిద్దులు రోజూ వేసుకునేవేనని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కానీ పది కాసులు మెడలో వేసుకుని కాగితం లేకుండా తిరిగొస్తే, అవి ఇక్కడివేనని నిరూపించే భారం మీ మీదే పడుతుంది.

సుంకం కడితే రశీదు అడిగి తీసుకోండి. వస్తువు ఆపేసుకుంటే దాని వివరాలు, బరువు, మీ పాస్‌పోర్టు నంబరు రాసిన డిటెన్షన్ రశీదు చేతికి వచ్చేదాకా కౌంటర్ వదలకండి. అందులో బరువు సరిగా రాశారో లేదో అక్కడే చదవండి. సోంపేట నుంచో ఇచ్ఛాపురం నుంచో మళ్లీ విశాఖ వచ్చి విడిపించుకోవాల్సిన రోజున మీ దగ్గర ఉండే ఆధారం ఆ కాగితమే.